రోబో విద్య – పల్లెటూరి హైస్కూలు – మన వంతు

రోబో అనగానే మనలో చాలామందికి సినిమాలో చూసిన ఉక్కుమనిషి గుర్తుకు వస్తాడు. లక్షల ఖరీదు, చల్లటి గదిలో కంప్యూటర్లు, పై దేశాలలో చదివివచ్చిన నిపుణులు ఉంటేగాని ఆ విద్య పట్టుబడదని ఒక నమ్మకం కూడా మనలో నాటుకుపోయింది. "పల్లెటూరి హైస్కూలు పిల్లలకి రోబోలేమిటోయ్, ముందు పదో తరగతి లెక్కలు రానీ" అని హాస్టలులో మిత్రులు నన్ను చాలాసార్లు ఎగతాళి చేశారు. వారికి భోజనాల దగ్గర ముక్కలు ముక్కలుగా చెప్పిన జవాబునే ఇక్కడ కాస్త వరుసగా రాస్తున్నాను.

మాది శ్రీకాకుళం జిల్లా, గార మండలం, శ్రీకూర్మం. శ్రీకాకుళం నుంచి సుమారు 13 కిలోమీటర్లు. శ్రీమహావిష్ణువు కూర్మావతారంలో పూజలందుకొనే క్షేత్రంగా ఊరు ప్రసిద్ధి. గత ఏడాదిన్నరగా సెలవులకు ఇంటికి వెళ్ళినప్పుడల్లా చుట్టుపక్కల 8, 9 తరగతుల పిల్లలను పదిమందిని పోగుచేసి, మా అరుగుమీద చిన్న చిన్న యంత్రాలు చేయిస్తున్నాను. ఈ వ్యాసంలోని అనుభవం ఆ అరుగు మీదిదే.

మన జిల్లాల పిల్లలకు పదిహేనో ఏట ఒక పెద్ద కూడలి వస్తుంది. పదో తరగతి కాగానే ఇంటరులో ఎం.పి.సి. తీసుకోవాలా, పాలీసెట్ రాసి పాలిటెక్నిక్‌లో చేరాలా, ట్రిపుల్ ఐటీకి దరఖాస్తు పెట్టాలా తేల్చుకోవాలి. 2008లో ఏర్పడిన రాజీవ్ గాంధీ వైజ్ఞానిక సాంకేతిక విశ్వవిద్యాలయానికి 2016 నుంచి మన శ్రీకాకుళంలో కూడా ప్రాంగణం ఉన్నది. ఎచ్చెర్ల మండలం ఎస్.ఎం.పురంలోని ఆ ప్రాంగణంలో చేరినవారు ఆరేళ్ళ చదువుకు చేరినట్టే. అంటే మన పిల్లలు పదిహేనేళ్ళకే ఇంజనీరింగును ఎంచుకుంటున్నారన్నమాట. మరి ఆ ఎంచుకొనే పిల్లవాడు అంతకుముందు ఒక్కసారైనా మోటారు విప్పి చూశాడా? టంకం వేశాడా? తాను చేసిన వస్తువు పని చెయ్యకపోతే ఎందుకు చెయ్యలేదో వెతికాడా? నూటికి తొంభైమంది విషయంలో లేదనే చెప్పవలసి వస్తుంది. చూడని సంబంధానికి తాంబూలాలు పుచ్చుకోవడం లాంటిదే ఇది.

రోబో అంటే అసలు ఏమిటి?

ఈ మాట పుట్టి నూరేళ్ళు దాటింది. చెక్ రచయిత కారెల్ చాపెక్ 1920లో రాసిన "ఆర్.యు.ఆర్." అనే నాటకం ద్వారా ఇది లోకానికి తెలిసింది. మాటను సూచించినవాడు ఆయన అన్న జోసెఫ్. చెక్ భాషలో "రొబోట" అంటే వెట్టిచాకిరి.

శాస్త్రపరంగా చూస్తే రోబోకు మూడు లక్షణాలుండాలి. చుట్టూ ఏమున్నదో గ్రహించాలి. గ్రహించినదాన్నిబట్టి నిర్ణయించుకోవాలి. ఆ నిర్ణయం ప్రకారం కదలాలి. ఫ్యాను రోబో కాదు. స్విచ్చి వేస్తే తిరుగుతుంది, ఆపేదాకా తిరుగుతూనే ఉంటుంది, గదిలో మనిషి ఉన్నాడో లేడో దానికి అక్కరలేదు. మేడమీద ట్యాంకు నిండగానే తనంతట తానే మోటారును ఆపే ఏర్పాటు ఉన్నది చూశారూ, అది మాత్రం రోబోకు దగ్గరి చుట్టమే.

మా ఊరి పిల్లలు చెవులు నిక్కబొడుచుకొని వినే సంగతి ఒకటున్నది. తనంతట తాను తిరిగిన తొలి ఎలక్ట్రానిక్ రోబోలలో పేరుపడ్డవి తాబేళ్ళు! ఇంగ్లండులోని బ్రిస్టల్ నగరంలో మెదడు మీద పరిశోధన చేసే విలియం గ్రే వాల్టర్ అనే శాస్త్రవేత్త 1948–49లో వాటిని తయారుచేశాడు. పేర్లు ఎల్మర్, ఎల్సీ. మూడు చక్రాలు, రెండు మోటార్లు, రెండు రేడియో వాల్వులు, వెలుతురును పసిగట్టే ఒక కన్ను, పైన చిప్ప. చిప్ప దేనికైనా తగిలితే లోపల ఒక స్విచ్చి కలుస్తుంది, బండి దారి మార్చుకుంటుంది. సన్నని వెలుతురు కనిపిస్తే అటు వెళుతుంది, మరీ తీవ్రమైతే ముఖం తిప్పుకుంటుంది. బ్యాటరీ నీరసించినప్పుడు మాత్రం దీపం వెలిగే తన గూటికి వెళ్ళి చార్జి చేసుకుంటుంది. 1951లో లండనులో జరిగిన బ్రిటన్ ఉత్సవంలో జనం వీటిని వింతగా చూశారు. ఇంతా చేసి లోపల ఉన్నది రెండే రెండు వాల్వులు! కొద్దిపాటి సామానుతోనే జీవమున్నట్టు మసలే యంత్రం చెయ్యవచ్చునని గ్రే వాల్టర్ రుజువు చేశాడు. మన పల్లె బడికి కావలసిన ధైర్యం అదే.

తాబేలు బడికి వచ్చిన కథ

రెండో తాబేలు అమెరికాలో పుట్టింది. సీమోర్ పాపర్ట్, సింథియా సాలమన్, వాలీ ఫోయిర్‌జైగ్ తదితరులు 1967లో పిల్లలకోసం "లోగో" అనే కంప్యూటరు భాషను తయారుచేశారు. దానితో నేలమీద తిరుగుతూ గీతలు గీసే యంత్రానికి తాబేలు అనే పేరు పెట్టారు. "ముందుకు 100, కుడికి 90" అని నాలుగుసార్లు చెబితే అది చతురస్రం గీస్తుంది. పాపర్ట్ 1980లో "మైండ్‌స్టార్మ్స్" అనే పుస్తకం రాశాడు. పిల్లవాడి పని ఒప్పా తప్పా అని అడిగి వదిలెయ్యకూడదనీ, తప్పు ఎక్కడున్నదో పట్టుకొని సరిదిద్దుకోగలడా అని చూడాలనీ అందులో ఆయన వాదన.

పోటీల సంగతికి వస్తే, అమెరికాలోని ఎం.ఐ.టి.లో వుడీ ఫ్లవర్స్ అనే ఆచార్యుడు విద్యార్థులకు సంచెడు చిల్లర సామాను ఇచ్చి యంత్రం చేసి పోటీకి రమ్మనేవాడు. ఆ పద్ధతే హైస్కూలు పిల్లలకూ వచ్చింది. డీన్ కేమెన్ 1989లో స్థాపించిన "ఫస్ట్" సంస్థ తన తొలి పోటీని 1992లో ఒక హైస్కూలు ఆటశాలలో 28 జట్లతో నడిపింది. ప్రపంచ రోబో ఒలింపియాడ్ 2004లో సింగపూర్‌లో మొదలై, 2016లో మన ఢిల్లీ దాకా వచ్చింది. ఆ 2016లోనే బి.బి.సి. వారు బ్రిటన్‌లో 11, 12 ఏళ్ళ పిల్లలకు "మైక్రోబిట్" అనే అరచేతి కంప్యూటరును దాదాపు పది లక్షలు ఉచితంగా పంచిపెట్టారు.

మన దేశంలో దారులు

మన ప్రభుత్వాలు ఏమీ చెయ్యలేదనడం అన్యాయం. 1984లోనే "క్లాస్" అనే పథకం కింద దేశంలో సుమారు 250 హైస్కూళ్ళకు బి.బి.సి. కంప్యూటర్లు వచ్చాయి. ఇప్పుడున్న అవకాశాలలో ముఖ్యమైనవి ఇవి.

మొదటిది అటల్ టింకరింగ్ ల్యాబ్. నీతి ఆయోగ్ వారి అటల్ ఇన్నొవేషన్ మిషన్ 2016లో దీన్ని మొదలుపెట్టింది. ఎంపికైన బడికి పరికరాలకోసం 10 లక్షలు, నిర్వహణకోసం అయిదేళ్ళలో మరో 10 లక్షలు, వెరసి 20 లక్షల దాకా ఇచ్చేలా పథకం రూపొందింది. 6 నుంచి 12 తరగతుల పిల్లలకోసం త్రీడీ ప్రింటరు, సెన్సార్లు, మైక్రోకంట్రోలరు బోర్డులు, పనిముట్లు అందులో ఉంటాయి. దేశంలో ఇలాంటివి పదివేలు నెలకొన్నాయి. మరో 50,000 ల్యాబులను ప్రభుత్వ బడులలో అయిదేళ్ళలో పెడతామని 2025 బడ్జెట్టులో ప్రకటించారు.

రెండోది ఇన్‌స్పైర్–మనక్ అవార్డు. పిల్లల సొంత ఆలోచనను బడి ద్వారా పంపాలి. ఎంపికైతే నమూనా చేసుకోవడానికి 10,000 రూపాయలు వస్తాయి. జిల్లా, రాష్ట్ర, జాతీయ ప్రదర్శనలు ఉంటాయి. దీనికి ల్యాబు అక్కరలేదు. ఆలోచన ఉంటే చాలు, దాన్ని కాగితం మీద పెట్టించే పెద్దవాళ్ళు ఉంటే చాలు.

మూడోది ఇస్రో వారి "యువిక". 9వ తరగతి పిల్లలకు రెండు వారాలపాటు ఇస్రో కేంద్రాలలోనే బస, శిక్షణ. 2019లో మొదలైంది. ఎంపికలో గ్రామీణ విద్యార్థులకు ప్రాధాన్యం ఉన్నది.

ఇక 75 ప్రభుత్వ పాఠశాలలకు చెందిన 750 మంది ఆడపిల్లలు పాలుపంచుకొన్న "ఆజాదీశాట్" సంగతి. 2022 ఆగస్టు 7న శ్రీహరికోట నుంచి బయలుదేరిన ఆ చిన్న ఉపగ్రహం రాకెట్టు వైఫల్యం వల్ల సరైన కక్ష్య చేరలేదు. మళ్ళీ తయారుచేశారు. 2023 ఫిబ్రవరి 10న రెండోది కక్ష్యలోకి చేరింది. ఈ రెండు తేదీలనూ మా అరుగు మీద పిల్లలకు తప్పక చెబుతుంటాను. మొదటిది పడిపోయిందని మాత్రమే చెబితే ఏడుపు వస్తుంది, రెండోది ఎగిరిందని మాత్రమే చెబితే అసలు విషయం తెలియదు.

బీరువా తాళం

ఇన్ని దారులున్నాయి కదా, మరి మన పిల్లల చేతికి ఎందుకు అందడం లేదు? డబ్బు లేకపోవడం ఒక్కటే కారణమని నేను కూడా చాలాకాలం అనుకున్నాను. ఆ తర్వాత ఒక బడికి వెళ్ళాను. పేరు అక్కరలేదు, ఇలాంటివి చాలా ఉంటాయి. అక్కడ సామాను నిక్షేపంగా ఉన్నది. ఎక్కడ? గాజుతలుపుల బీరువాలో. ప్లాస్టిక్ సంచి కూడా విప్పలేదు. పిల్లలు వరుసలో నిలబడి చూసి వెళతారు. సైన్సు మేష్టారు నొచ్చుకుంటూనే అసలు మాట చెప్పారు: "స్టాకు రిజిస్టరు నా పేరు మీద ఉంది బాబూ. రేపు తనిఖీకి వచ్చినోళ్ళు ఒక బోర్డు తగ్గిందంటే జవాబు ఎవరు చెప్తారు?"

ఆయనను తప్పుపట్టడానికి లేదు. చీపురు దగ్గరనుంచి కుర్చీ దాకా దేనికైనా లెక్క చెప్పవలసిన ఉద్యోగం అది. కాని ఇంజనీరింగు అనేది వస్తువులు కాలకుండా, విరగకుండా వచ్చే విద్య కాదు. ఎల్.ఇ.డి. దీపాన్ని అడ్డు నిరోధం లేకుండా బ్యాటరీకి తగిలించి మాడ్చినవాడికే, ఆ నిరోధం ఎందుకు పెట్టారో జన్మలో మరిచిపోనంతగా తెలుస్తుంది. ఆ మాడిపోయిన దీపం ఖరీదు రెండు రూపాయలు. ఓమ్ సూత్రం ఆ రెండు రూపాయలలోనే ఉన్నది.

మా అరుగు మీదికి వచ్చిన తొమ్మిదో తరగతి అమ్మాయి మొదటి రోజున మోటారు చేతిలో పెడితే ముట్టుకోలేదు. "ఇరిగిపోతే ఎవులు కడతారు అన్నా?" అని అడిగింది. "ఎవరూ కట్టక్కరలేదు, విరిచి చూపించు" అన్నాను. విరవలేదనుకోండి. కాని ఆ మాట విన్నాకనే మోటారు విప్పింది.

మూడు మెట్లు

మేము చేస్తున్న పద్ధతి క్లుప్తంగా చెబుతాను. ఎవరైనా చెయ్యవచ్చును.

మొదటి మెట్టుకు ఖర్చు లేదు. సముద్రం మాకు దగ్గరే కనుక ఇసుకలోకి వెళతాం. ఒకరు తాబేలు, మరొకరు యజమాని. యజమాని నోటితో చెప్పినట్టే తాబేలు నడవాలి, సొంత తెలివి వాడకూడదు. కర్ర ఈడ్చుకుంటూ నడిస్తే ఇసుకలో బొమ్మ పడుతుంది. చతురస్రం అందరికీ వస్తుంది. సమబాహు త్రిభుజం దగ్గర చిక్కు వస్తుంది. కోణం 60 అని పుస్తకంలో ఉన్నది గనుక "పది అడుగులు, కుడికి 60" అని మూడుసార్లు చెబుతారు. తాబేలు బయలుదేరిన చోటికి రాదు, విల్లులా వంగి ఎటో పోతుంది. తిరగవలసింది లోపలి కోణం కాదు, బయటి కోణం, అంటే 120 అని వాళ్ళకై వాళ్ళే పట్టుకున్న రోజున బాహ్యకోణం పాఠం మళ్ళీ చెప్పవలసిన పని ఉండదు.

రెండో మెట్టులో కంప్యూటరు లేని బండి. రెండు గేరు మోటార్లు, రెండు చక్రాలు, నాలుగు పెన్సిలు సెల్లులు, అట్టముక్క, ముందు మీసాల్లాంటి రెండు స్విచ్చిలు. ఎడమ మీసం గోడకు తగిలితే కుడి మోటారు ఆగాలి. అప్పుడు ఎడమ చక్రం ఒక్కటే తిరుగుతుంది కాబట్టి బండి కుడిపక్కకు తప్పుకుంటుంది. పిల్లలు తొలిసారి దాదాపు అందరూ ఎడమ మీసాన్ని ఎడమ మోటారుకే కలుపుతారు. బండి గోడలోకే దూసుకుపోతుంది. తీగలు అడ్డంగా మార్చాలన్న సంగతి నేను చెప్పను, గోడే చెబుతుంది.

మూడో మెట్టు నల్లగీత వెంట నడిచే బండి. ఇక్కడికి మైక్రోకంట్రోలరు వస్తుంది. 2005లో ఇటలీలో పుట్టిన ఆర్డ్యుయినో లాంటి బోర్డు, మోటార్లను నడిపే మరో చిన్న బోర్డు, రెండు పరారుణ సెన్సార్లు. అన్నీ కలిపి మాకు ఒక బండికి వెయ్యి రూపాయల లోపే అయింది. తెల్లటి నేల పరారుణ కిరణాన్ని వెనక్కి కొడుతుంది, నల్లటి గీత మింగేస్తుంది. ఆ తేడాయే బండికి దారి. ఉదయం చక్కగా నడిచిన బండి మధ్యాహ్నం వాకిట్లో పిచ్చెత్తినట్టు తిరుగుతుంది. ఎందుకంటే ఎండలోనూ పరారుణ కిరణాలున్నాయి. చిన్న తొమ్మిది వోల్టుల బ్యాటరీ పెడితే మోటారు కదలగానే బోర్డు సొమ్మసిల్లి మళ్ళీ మొదటికి వస్తుంది. ఆ బ్యాటరీకి వోల్టులున్నాయిగాని మోటారు అడిగినంత కరెంటు ఇచ్చే ఓపిక లేదు. వోల్టేజి వేరు, కరెంటు వేరు అని మనకు ఫస్టియరులో కూడా తలకెక్కని సంగతి ఎనిమిదో తరగతి పిల్లవాడు ఒక పూటలో గ్రహించాడు.

పిల్లలు దేనికోసం అడుగుతారు?

బొమ్మ బండి నడిచాక పిల్లల ప్రశ్నలు ఇంటివైపు తిరుగుతాయి. మత్స్యకార కుటుంబం నుంచి వచ్చిన ఒక కుర్రవాడు "సముద్రంలో గీత దాటితే మోగే గంట చెయ్యొచ్చా అన్నా?" అని అడిగాడు. ఆ గీత ఏమిటో శ్రీకాకుళం జిల్లాలో వివరించనక్కరలేదు. 2018 నవంబరులో గుజరాత్ తీరం నుంచి వేటకు వెళ్ళిన మన ఎచ్చెర్ల మండలం డి.మత్స్యలేశం తదితర గ్రామాల వారు పాకిస్తాన్ వారి చేతికి చిక్కి, కరాచీ జైలులో ఉండి, 2020 జనవరిలో ఇరవైమంది విడుదలై వచ్చారు.

చెయ్యవచ్చును. జి.పి.ఎస్. పరికరం పడవ ఎక్కడున్నదో గ్రహిస్తుంది. సరిహద్దు ఎంత దూరమో లెక్కకట్టి బోర్డు నిర్ణయిస్తుంది. గంట మోగుతుంది. మళ్ళీ అవే మూడు మెట్లు. పెద్ద ఎత్తున ఇలాంటి పనులు ఇస్రో వంటి సంస్థలు చేస్తూనే ఉన్నాయి. మత్స్యకారులకోసం ఆపద సంకేతం పంపే యంత్రాన్ని ఇస్రో 2010 నుంచి వాడుకలోకి తెచ్చింది. మా అరుగు మీది గంట దానికి పోటీ కాదు. కాని ఆ కుర్రవాడు వెంటనే అడిగిన రెండో ప్రశ్న చూడండి: "ఉప్పుగాలికి ఈ తీగలు ఎన్నాళ్ళుంటాయి?" పడవ ఎక్కినవాళ్ళ ఇంట్లో పుట్టినవాడికే తట్టే ప్రశ్న అది. ఇలాంటి ప్రశ్నలున్న పిల్లలు ఇంజనీరింగుకు రాకపోతే నష్టపోయేది వాళ్ళొక్కరే కాదు.

మన ప్రాంతానికి పనిముట్లు కొత్తకాదని కూడా వాళ్ళకు చెప్పాలి. పొందూరులో వాలుగ చేప దవడ ఎముకతో పత్తిని ఏకి సన్నని నూలు వడుకుతున్నారు. బుడితిలో ఇత్తడి పోతపోస్తున్నారు. 2020 జాతీయ విద్యావిధానం 6–8 తరగతుల పిల్లలు ఏడాదిలో పదిరోజులు పుస్తకాల సంచి లేకుండా వడ్రంగి, కుమ్మరి వంటి పనివారి దగ్గర నేర్చుకోవాలని సూచించింది. ఆ పదిరోజులు పొందూరులో గడిపిన పిల్లకు యంత్రమంటే బెదురు ఉండదు.

మనం చెయ్యగలిగినది

ఇంతవరకు చదివిన విద్యార్థి మిత్రులకు, గురువులకు, పూర్వ విద్యార్థులకు నాలుగు మనవులు.

ఒకటి: మన కళాశాల నుంచి ఇద్దరిద్దరుగా, నెలకు రెండు శనివారాలు ఒకే బడికి వెళదాం. పది బడులకు ఒక్కొక్కసారి వెళ్ళి ఫోటోలు దిగడం కన్నా ఒక్క బడికి ఇరవైసార్లు వెళ్ళడం మేలు.

రెండు: విద్యార్థి సంఘం తరపున "పాడుచేసే పెట్టె" ఒకటి తయారుచేద్దాం. దీపాలు, మోటార్లు, తీగలు, సెల్లులు – ఏవీ ఏ స్టాకు రిజిస్టరులోనూ ఎక్కనివి. పూర్వ విద్యార్థులు తలా అయిదువందలు వేసుకుంటే ఏడాది గడుస్తుంది. ల్యాబు ఉన్న బడులలో నిర్వహణ సొమ్ములోంచి ఇలాంటి వాడిపోయే సామాను కొనవచ్చునని హెడ్‌మాస్టరు గార్లకు పెద్దలు ధైర్యం చెప్పాలి. మన లెక్చరరు గార్లు చెబితే వింటారు.

మూడు: ఇన్‌స్పైర్–మనక్ దరఖాస్తులు వెళ్ళే రోజుల్లో బడికి పోయి, పిల్లల ఆలోచనలను కాగితం మీద పెట్టడంలో సాయపడదాం. ఆలోచన వాళ్ళదే ఉండాలి. మన ఫైనలియరు ప్రాజెక్టును వాళ్ళ పేరున పంపితే అది సాయం కాదు, దొంగతనం.

నాలుగు: ఏడాదికి ఒక్కరోజు మన వర్కుషాపు తలుపులు 9, 10 తరగతుల పిల్లలకు తెరుద్దాం. ముఖ్యంగా ఆడపిల్లలకు. శ్రీకాకుళంలో మహిళా పాలిటెక్నిక్ ఉన్నదని తెలియని ఇళ్ళు మా మండలంలోనే నేను చూశాను. లేతు మీద ఇనుము ఎలా చెక్కుతారో ఒక్కసారి చూసిన పిల్ల, జూన్ నెలలో దరఖాస్తు నింపేటప్పుడు తాను ఏమి అడుగుతున్నదో తెలిసి అడుగుతుంది.

మా అరుగు మీద చేసిన పదిమందీ ఇంజనీర్లు అవుతారని నేను చెప్పడం లేదు. ఇద్దరు ముగ్గురు తమకిది సరిపడదని తేల్చుకున్నారు. అదీ మంచిదే, పదిహేనో ఏట తెలియడం పాతికో ఏట తెలియడం కన్నా చవక. వచ్చే విద్యాసంవత్సరంలో విద్యార్థి సంఘం బడ్జెట్టు వేసుకొనేటప్పుడు పై నాలుగింటిలో కనీసం పెట్టె సంగతి చర్చకు పెట్టవలసిందిగా కార్యవర్గాన్ని కోరుతున్నాను. మొదటి పెట్టెకు కావలసిన మోటార్లు, స్విచ్చిలు నా దగ్గర కొన్ని మిగిలాయి. శనివారాలు రాగలిగినవారు హాస్టలులో నన్ను కలిస్తే, ఏ బడికి ఎవరు వెళ్ళాలో జాబితా వేసుకుందాం.